చల్లని ఇళ్ల శిల్పి లారీ బేకర్

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం గురించి నాలుగు పేజీలు రాయమని కార్యదర్శి గారు కోరారు. విశ్వేశ్వరయ్య గారిని గురించి, కాటన్ దొర గారిని గురించి నాకంటె బాగా రాయగల మిత్రులు మనలో ఉన్నారు. అందుచేత నేను వేరొక మనిషిని ఎంచుకొన్నాను. ఆయన పేరు లారీ బేకర్. ఇంగ్లండులో పుట్టి, భారత పౌరుడై, కేరళలో కన్నుమూసిన గృహశిల్పి. తక్కువ ఖర్చుతో, కరెంటు మీద ఆధారపడకుండా చల్లగా ఉండే ఇళ్లు కట్టడమే జీవితంగా పెట్టుకొన్నవాడు. ఆయనకు నేనొక బాకీ ఉన్నాను. ఆ సంగతి తరువాత మనవి చేస్తాను.

పటాన్‌చెరులో మే నెల ఎట్లా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. పగలు ఎండ ఒక ఎత్తు, రాత్రి ఇంటి లోపలి ఉక్క ఒక ఎత్తు. పది గంటలకు బయట గాలి చల్లబడుతుంది, ఇంట్లో ఫ్యాను మాత్రం వేడిగాలే కొడుతుంది. పెన్షను వచ్చిన వారం రోజులకే కరెంటు బిల్లు చేతికి వస్తుంది. ఈ బాధ పడే ప్రతి ఇంటివారూ బేకర్ గారి కథ తెలుసుకోవాలని నా అభిప్రాయం.

లారెన్స్ విల్‌ఫ్రెడ్ బేకర్ 1917 మార్చి 2న బర్మింగ్‌హామ్ నగరంలో జన్మించారు. తండ్రి ఆ నగరపు గ్యాసు శాఖలో అకౌంట్స్ చూసే ఉద్యోగి. అంటే ఆయన కూడా మనవంటి లెక్కల గుమాస్తా ఇంటి బిడ్డే. దైవభక్తి గల కుటుంబం. యౌవనంలోనే బేకర్ గారు క్వేకర్లనే క్రైస్తవ శాఖలో చేరారు. ఆడంబరం కూడదు, ఆయుధం పట్టరాదు అన్నది ఆ శాఖ వారి నియమం. 1937లో బర్మింగ్‌హామ్‌లోనే గృహశిల్ప విద్య పూర్తి చేశారు.

రెండేళ్లకు రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. తుపాకి పట్టనన్న వ్రతం ఉన్నది కనుక ఆయన సైన్యంలో చేరలేదు. క్వేకర్లు నడిపే అంబులెన్సు దళంలో చేరి, మత్తుమందు ఇచ్చే పని నేర్చుకొని, చైనా వెళ్లారు. అక్కడ యుద్ధంలో గాయపడిన వారికి సేవ చేశారు. తరువాత కుష్ఠు రోగుల మధ్య పనిచేశారు. ఇళ్లు కట్టడం నేర్చుకొన్న చేతులు కొన్నేళ్లపాటు పుండ్లు కడిగాయి.

ఆరోగ్యం చెడి ఇంగ్లండుకు తిరిగి పోతూ బొంబాయిలో ఓడ కోసం దాదాపు మూడు నెలలు ఆగవలసి వచ్చింది. అక్కడ ఆయన బస చేసిన మిత్రుడు గాంధీ గారికి పరిచయస్తుడు. బేకర్ గారు గాంధీ గారి సమావేశాలకు వెళ్లారు. చింకి గుడ్డలతో చైనా పద్ధతిలో కుట్టిన ఆయన చెప్పులు మహాత్ముని కంట పడ్డాయని, మాటలు అక్కడినుండే మొదలయ్యాయని చెబుతారు. ఊళ్లో ఇల్లు కట్టాలంటే ఆ ఇంటికి అయిదు మైళ్ల లోపల దొరికే వస్తువులతోనే కట్టాలన్నది గాంధీ గారి ఆలోచన. పట్టణాల్లో చదువుకొన్న యువకునికి అది మొదట్లో సాధ్యమయ్యే పనిగా తోచలేదు. దానిలోని నిజం బోధపడడానికి తనకు కొన్ని దశాబ్దాలు పట్టిందని తరువాత ఆయనే ఒప్పుకొన్నారు.

1945లో ఆయన మళ్లీ మన దేశం వచ్చారు, ఈసారి కుష్ఠు రోగుల సంస్థకు గృహశిల్పిగా. అప్పుడే ఆ జబ్బుకు కొత్త మందులు వస్తున్నాయి. రోగులను జీవితాంతం దాచిపెట్టే పాత ఆశ్రమాలను వైద్యం చేసి ఇంటికి పంపే ఆసుపత్రులుగా మార్చడం ఆయన ఉద్యోగం. ఉత్తర ప్రదేశ్‌లోని ఫైజాబాదులో మిషనరీల పెద్ద బంగళాలు, అడుగడుగునా నౌకర్లు చూసి ఆయనకు ఇమడలేదు. చాందీ గారనే భారతీయ వైద్యుని ఇంట్లో ఉండసాగారు.

మన ప్రాంతంతో ఆయనకు సంబంధం ఇక్కడే కలుస్తుంది. చాందీ గారి చెల్లెలు ఎలిజబెత్ జేకబ్ గారు కూడా వైద్యురాలే. ఆ రోజుల్లో ఆమె అదే సంస్థ తరఫున మన హైదరాబాదులో పనిచేస్తున్నారు. ఆమెకూ బేకర్ గారికీ పరిచయం కలిగింది, అభిప్రాయాలు కలిశాయి. పెళ్లికి మాత్రం రెండు కుటుంబాలూ ఒప్పుకోలేదు. ఇద్దరూ తొందరపడలేదు, ఎదిరించలేదు. ఎవరి పని వారు చేసుకొంటూ, ఎప్పుడో ఒకసారి కలుసుకొంటూ ఆగారు. 1948లో పెద్దల మనసు కరిగాక పెళ్లి చేసుకొన్నారు.

పెళ్లయిన తరువాత హిమాలయాలలోని పిథోరాగఢ్ చూసిరావడానికి వెళ్లి, అక్కడి జనానికి వైద్యం లేదని గమనించి, అక్కడే పదహారేళ్లు ఉండిపోయారు. ఆమె వైద్యం చేశారు, ఆయన ఆసుపత్రి కట్టారు, బడులు కట్టారు. బేకర్ గారికి అసలు చదువు అక్కడే జరిగిందని నేననుకొంటాను. బర్మింగ్‌హామ్ పుస్తకాల్లో మట్టి, పేడ, కొండరాయి గురించి ఏమీ లేదు. అక్కడి రైతులు మాత్రం రాతిని మట్టితో పేర్చి, పలక రాళ్లు కప్పి, చలికి వెచ్చగా ఉండే ఇళ్లు కట్టుకొంటున్నారు. ఆ ఊరి ఎండ, వాన, గాలి, రాయి, కర్ర అన్నిటినీ తరతరాలుగా పరీక్షించి తేల్చుకొన్న పద్ధతి అది. తాను నేర్పడానికి రాలేదని, నేర్చుకోవాలని ఆయన గ్రహించారు. తాపీ మేస్త్రీల పక్కన కూర్చొని ఆ పని నేర్చుకొన్నారు.

1963లో దంపతులు కేరళలోని వాగమన్ కొండలకు వచ్చారు. 1970 ప్రాంతంలో తిరువనంతపురంలో స్థిరపడ్డారు. అప్పటికి ఆయన వయస్సు యాభై దాటింది. మనం పదవీ విరమణకు రోజులు లెక్కపెట్టుకొనే ఆ వయస్సులో ఆయన అసలు పని మొదలయింది. ఆర్చిబిషప్పు మార్ గ్రెగోరియోస్ గారు పేదలకు చవక ఇళ్లు కావాలన్నారు. ముఖ్యమంత్రి అచ్యుత మీనన్ గారు, ఆర్థికవేత్త కె.ఎన్. రాజ్ గారు అండగా నిలిచారు. రాజ్ గారు స్థాపించిన సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ భవనాలు 1970 దశకంలో ఆయన చేతిమీదుగా లేచాయి. ఇంజనీర్లలో అనుమానపడ్డవారు లేకపోలేదు. ఆ భవనాలు నిలబడి వారికి జవాబు చెప్పాయి.

ఇంతకూ ఆయన చేసినదేమిటి? నేను ఇంజనీరును కాను. గుమాస్తాకు అర్థమైన రీతిలో చెబుతాను.

మొదటిది గోడ. మామూలుగా మేస్త్రీ ఇటుకను పడుకోబెట్టి కడతాడు. బేకర్ గారు ఇటుకను అంచు మీద నిలబెట్టి, రెండు వరుసల నడుమ బోలుగా ఖాళీ వచ్చేటట్లు కట్టించారు. దీనిని ఎలుక బోను కట్టు అంటారు. ఇటుకలు దాదాపు నాలుగో వంతు మిగులుతాయి. అంతకంటె ముఖ్యం, గోడ మధ్య కదలకుండా నిలిచిన గాలి వేడిని త్వరగా లోపలికి రానివ్వదు. చలికాలంలో మందమైన దుప్పటి ఒకటి కప్పుకొన్నదానికంటె పలుచనివి రెండు కప్పుకొంటే వెచ్చగా ఉండదూ? రెండింటి నడుమ గాలి చేసే పనే అది. ఇక్కడ ఆ దుప్పటిని ఇంటికి కప్పుతున్నాం.

రెండవది కప్పు. మన స్లాబులో బరువును పైభాగంలో కాంక్రీటు నొక్కుడుగా మోస్తుంది. కింది భాగంలో సాగుడును తట్టుకొనేది ఇనుప చువ్వ. చువ్వల నడుమ ఉన్న కింది కాంక్రీటు మోసేది పెద్దగా ఏమీ లేదు. బేకర్ గారు ఆ చోట పాత మంగుళూరు పెంకులు పెట్టి పైన కాంక్రీటు పోయించారు. దీని పేరు ఫిల్లర్ స్లాబు. సిమెంటూ, స్లాబు బరువూ తగ్గుతాయి. పెంకుల మధ్య చిక్కుకొన్న గాలి పై వేడిని కొంత ఆపుతుంది.

మూడవది జాలీ. కిటికీకి చట్రం, రెక్కలు, చువ్వలు, అద్దాలు అన్నీ ఖర్చే. ఇటుకల మధ్య సందులు వదిలి కడితే అదే గోడ, అదే కిటికీ. వెలుతురు మెత్తగా వస్తుంది, గాలి ఆడుతుంది. కేరళ వంటి ఉక్కపోత ప్రాంతంలో ఒంటిమీద చెమట ఆరాలంటే గాలి ఆడుతూనే ఉండాలి. పైన చెప్పిన సంస్థలో కంప్యూటర్ల భవనానికి కూడా ఆయన బయట ఇటుక జాలీ గోడ, లోపల మరొక గోడ కట్టించారు. ఎండ బయటి గోడ మీదనే ఆగిపోతుంది.

వీటన్నిటి వెనుక ఒక లెక్క ఉంది. మన బడ్జెట్టు భాషలో ఒకసారి పెట్టే ఖర్చు, ఏటేటా పెట్టే ఖర్చు అని రెండు పద్దులుంటాయి గదా. ఇంటికి పట్టే శక్తికి కూడా రెండు పద్దులున్నాయి. సిమెంటు తయారుచేయాలంటే సున్నపురాయిని దాదాపు 1450 డిగ్రీల వేడిలో కాల్చాలి. ఇనుము కరిగించాలి, గాజు కరిగించాలి, లారీలలో తోలాలి. ఇది ఇంట్లో కాలు పెట్టకముందే అయిపోయే శక్తి. తరువాత ఫ్యాను, కూలరు, ఏ.సి. నెలనెలా తినేది రెండవ పద్దు. ఈ రోజున యూనివర్సిటీలలో భవనాల శక్తి పనితీరు అని పరిశోధించేది ఈ రెండు పద్దులనే. బేకర్ గారు ఆ లెక్కను తన మీద కూడా వేసుకొన్నారు. తనకు ఎంతో ఇష్టమైన ఇటుకను కాల్చడానికి కూడా కట్టెలు తగలబడుతున్నాయి గదా అని బాధపడి, చివరి రోజుల్లో కాల్చని మట్టివైపు మొగ్గారు. మట్టి ఇళ్ల మీద సొంత బొమ్మలతో చిన్న పుస్తకం వెలువరించారు.

ఆయన జీవన విధానం కూడా అటువంటిదే. పెద్ద ఆఫీసు పెట్టుకోలేదు. వాడేసిన కవర్ల వెనుక, పాత కాగితాల మీద బొమ్మలు గీసేవారు. స్థలం దగ్గర నిలబడి, చెట్టు అడ్డం వస్తే గోడనే వంపు తిప్పించేవారు. తిరువనంతపురంలో తాను ఉన్న ఇంటిని ఒక రాతి గుట్ట మీద, పాత ఇళ్లలో తీసిన కలప వాడుకొంటూ, కొద్దికొద్దిగా పెంచుకొన్నారు. 1985లో అచ్యుత మీనన్, రాజ్, చంద్రదత్ గారలతో కలిసి కాస్ట్‌ఫోర్డ్ సంస్థను ప్రారంభించారు. అది ఆ పద్ధతులను ఊరూరా మేస్త్రీలకు నేర్పింది. 1989లో ఆయనకు భారత పౌరసత్వం, 1990లో పద్మశ్రీ లభించాయి. 2007 ఏప్రిల్ 1న, తొంభై ఏళ్లు నిండిన నెలకు, స్వగృహంలో పరమపదించారు.

ఇక నా బాకీ సంగతి. 1989 ప్రాంతంలో నేను సంగారెడ్డిలో ఒక కార్యాలయంలో గుమాస్తాగా ఉన్నాను. ఒక సర్క్యులరుకు జతగా చవక ఇళ్ల మీద ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. అచ్చు అక్షరాలు కావు, చేతిరాత. పేజీ పేజీకీ గోడల బొమ్మలు, ఇటుకల బొమ్మలు. కొంచెం తిరగేసి, దీనిమీద చర్య ఏమీ అవసరం లేదని నోటు పెట్టి, ఎల్.డిస్. చేసి రికార్డు రూముకు పంపాను. రాసినవారి పేరు లారీ బేకర్.

1994లో ప్రభుత్వ అడ్వాన్సు తీసుకొని పటాన్‌చెరులో నూట యాభై గజాలలో ఇల్లు కట్టాను. సన్నని గోడలు, నాలుగున్నర అంగుళాల స్లాబు, పడమటి వైపు పడకగది. అడ్వాన్సు చాలక మంజీర ఒడ్డున ఉన్న మా ఊరి మట్టి ఇంటి దూలాలు, తలుపులు అమ్మివేశాను. ఆ ఇంటి గోడలు మూరెడు మందం. మధ్యాహ్నపు ఎండ ఆ గోడ దాటి లోపలికి వచ్చేసరికి సగం రాత్రి అయ్యేది, అప్పటికి మేము ఆరుబయట మంచాల మీద నిద్రలో ఉండేవాళ్లం. మా అమ్మను కొత్త ఇంటికి తీసుకొని వచ్చాను. పగలంతా ఎండ తాగిన స్లాబు రాత్రంతా ఆమె మీద వేడి కక్కింది. తనను మన ఇంటికి తోలుకపొమ్మని ప్రతి ఎండాకాలం అడిగేది. ఏ ఇంటికి తీసుకపోను? 1998 మే నెలలో ఆ గదిలోనే పోయింది. వయస్సు పెద్దదే, జబ్బూ ఉన్నది. అయినా చివరి రాత్రులలో ఆమెకు విసనకర్ర విసరిన నా చేతికి ఆ సంగతి గుర్తుంది.

2007లో పత్రికలో బేకర్ గారి మరణవార్త, పక్కన ఆయన గీసిన బొమ్మ చూసి ఆ చేతిరాత గుర్తుపట్టాను. 2009లో విరమణ పొంది, మరుసటి ఏడు నలుగురు మిత్రులతో సతీసమేతంగా కన్యాకుమారి, అనంత పద్మనాభస్వామి దర్శనానికి వెళ్లాను. తిరువనంతపురం బస్టాండు దగ్గర ఆయన కట్టిన ఇండియన్ కాఫీ హౌస్ ఉంది. శంఖంలో నడిచినట్లు గుండ్రంగా తిరుగుతూ పైకి పోవాలి. ఆ దారి వెంటనే బల్లలు, గోడ పొడుగునా ఇటుక సందులు. మిట్టమధ్యాహ్నం కూర్చొని కాఫీ తాగాం. లోపల గాలి ఆడుతూనే ఉంది.

ఇంటికి వచ్చి నేను చేసిన తెలివితక్కువ పని కూడా దాచను. ఆ జాలీనే మా ఇంటి పడమటి గోడకు పెట్టించాను. మొదటి ఎండాకాలంలోనే వడగాలి సూటిగా పడకమీదికి వచ్చింది. హైవే దుమ్ము, రాత్రివేళ ఘాటు వాసనలు వెంట వచ్చాయి. మూడు నెలలకు మూయించాను. అప్పుడు కూర్చొని ఆలోచిస్తే తెలిసింది, నేను బేకర్ గారి బొమ్మను తెచ్చుకొన్నానే గాని ఆయన చూపును తెచ్చుకోలేదు. ఆయన హిమాలయాలలో జాలీ కట్టలేదు, కేరళలో పలకరాళ్లు కప్పలేదు. ఎక్కడ నిలబడితే అక్కడి ఎండా గాలీ చూసి కట్టారు. తిరువనంతపురం తడి వేడి ప్రాంతం. జాతీయ భవన నియమావళి ప్రకారం మనది మిశ్రమ వాతావరణం. మనకు పగలు వేడిగాలిని బయటనే ఆపి, రాత్రి చల్లగాలిని పిలిచే ఇల్లు కావాలి. మా నాయన కట్టిన మట్టి ఇల్లు సరిగ్గా అదే చేసింది.

2013లో మా అబ్బాయి మేడమీద రెండు గదులు వేసినప్పుడు, ఆ పని తెలిసిన మేస్త్రీని వెతికి పడమటి గోడ ఎలుక బోను కట్టుతో కట్టించాం. కిటికీలు ఉత్తర దక్షిణాలకు పెట్టించి, పగలు మూసి రాత్రి తెరుస్తాం. స్లాబు మీద తెల్లపూత వేయించాం. దీనికి పరిశోధన బలం కూడా ఉంది. మనకు దగ్గరలోని గచ్చిబౌలి ట్రిపుల్ ఐ.టి. వారు, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ లాబొరేటరీ వారు కలిసి హైదరాబాదు భవనాలమీద కొలతలు తీసి 2012లో ప్రకటించారు. నల్లని కప్పుకు తెల్లపూత వేస్తే చల్లదనానికి వాడే కరెంటు 14 నుండి 26 శాతం, మామూలు కాంక్రీటు కప్పుకు వేస్తే 10 నుండి 19 శాతం తగ్గిందట. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానం తెచ్చి, 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాలలో కట్టే ఇళ్లకు దానిని తప్పనిసరి చేసింది. మనవంటి వారి నూరు, నూట యాభై గజాల ఇళ్లకు ఏ నిర్బంధమూ లేదు. మన వేడి, మన బిల్లు, మన నిర్ణయం.

ఆ గదుల్లో ఏ.సి. పెట్టలేదని నేను గొప్ప చెప్పను. మనవళ్ల చదువుల కోసం ఒకటి పెట్టారు. అయితే అది మే నెలలో కొద్ది గంటలే నడుస్తుంది. కింద నా గది మీద ఇప్పుడు ఇంకొక అంతస్తు ఉన్నది కనుక ఎండ దానికి సూటిగా తగలదు. ఆ గదిలో పడుకొన్నప్పుడల్లా ఈ నీడ ఇరవై ఏళ్లు ఆలస్యంగా వచ్చిందని అనుకొంటాను.

మన సభ్యులలో పిల్లలకు ఇళ్లు కట్టించేవారు, పాత ఇంటిమీద గది వేసేవారు ఏటా ఉంటారు. మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక్కసారి మా ఇంటికి దయచేయండి. పడమటి గోడమీద మధ్యాహ్నం మూడింటికి బయటి నుండి ఒక చెయ్యి, లోపలి నుండి ఒక చెయ్యి ఆనించి చూడండి. ఆ పుస్తకాన్ని రికార్డు రూములో పడేసిన గుమాస్తాగా నేను తీర్చుకోగల బాకీ అంతే. టీ మా ఇంట్లోనే తాగవచ్చు.